ప్రభ నడిచే దారి

మొన్న సంక్రాంతికి ఏడేళ్ల తర్వాత ఇంటికి వెళ్లాను. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోట ప్రభలు చూడాలనే పట్టుబట్టి సెలవు పెట్టుకున్నాను. ప్రభ అంటే వెదురుతో ఎత్తుగా కట్టి, రంగుగుడ్డలతో అలంకరించి, శివుణ్ణి ఊరేగించే వాహనం. పొద్దున్నే పోయి ఎగువ కౌశిక కాలువ గట్టు మీద నిలబడ్డాం. గంగలకుర్రు కుర్రాళ్లు ప్రభను భుజాలకెత్తుకుని నీళ్లలోకి దిగారు. నడుము లోతు దాటి నీళ్లు గుండెల దాకా వచ్చాయి. ప్రభ ఒక పక్కకి ఒరిగింది. గట్టు మీద ఆడవాళ్లు ఊపిరి బిగబట్టారు. "అశ్శరభ శరభ" అంటూ ఒక్క ఊపున పైకి లేపారు. నా పక్కనున్న పెద్దాయన కండువాతో కళ్లు తుడుచుకున్నారు. నాకూ కళ్లు నిండాయి.

గట్టెక్కిన ప్రభ దాళ్వా (రెండో పంట) వరి చేలల్లోంచి నడిచింది. ఊడ్చి ఎన్నాళ్లో కాలేదు, మొక్క ఇంకా వేరు పట్టే దశలోనే ఉంది. అంతమంది కాళ్ల కింద అది నలిగిపోతుంటే చేను గలాయన చేతులు జోడించి నిలబడ్డాడు. రుద్రుడు తొక్కిన చేను పండుతుందని వాళ్ల నమ్మకం. మొసలపల్లి దగ్గరి ఆ తోటలో గుడి లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు వచ్చి కొబ్బరిచెట్ల కింద కలుసుకుంటారు, అంతే. ఈ పండగకి కావలసినవి ఒక చేను, ఒక కాలువ, ఒక తోట.

మరి ఆ చేను రొయ్యల చెరువైతే ప్రభ ఎటునుంచి వస్తుంది?

సముద్రం వైపున్న మా మేనమామ ఊళ్లో చుట్టూ చెరువులు తవ్వేశారు. వాళ్ల బావి నీళ్లతో టీ పెడితే పాలు విరిగిపోతున్నాయి. అత్తయ్య టిన్ను నీళ్లు కొని వంట చేస్తోంది. చెరువులకిచ్చిన రైతుని నేను తిట్టలేను. మురుగు లాగక చేలు మునిగి, పండినదానికి గిట్టుబాటు రాక 2011లో కోనసీమ రైతులు సార్వా (తొలి పంట) వెయ్యకుండా మానేశారు. అన్నం పెట్టే చేతులు అంత పనికి దిగాయంటే ఎంత కడుపు మండి ఉండాలి!

చొల్లంగిలో మొదలుపెట్టి అంతర్వేదిలో ముగించే సప్తసాగర యాత్రలో మన పెద్దలు గోదావరి ఏడు పాయల్లోనూ స్నానం చేసేవారు. ఆ ఏడింటిలో కౌశిక ఒకటి. ఋషి పేరు పెట్టుకున్న ఆ నీటిని ఇవాళ మనం డ్రెయిన్ అంటున్నాం. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు అన్నీ దాంట్లోకే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసి నీళ్లిచ్చిన కాటన్ దొరని దేవుడిగా తలుచుకుని, ఊరూరా విగ్రహం పెట్టి దండలు వేసే నేల ఇది. నీటి విలువ తెలియని జనం కాదు మనం.

ఊరు వదిలి దూరంగా ఉన్న మనం ఊరికి డబ్బు పంపుతూనే ఉన్నాం. గుడికి గ్రానైట్, ముఖద్వారం, లైట్లు. నేనూ ఇచ్చాను, భక్తితోనే ఇచ్చాను. కానీ 2027లో పుష్కరాలకి మనమంతా టికెట్లు కొనుక్కుని వెళ్తాం కదా, గోదావరిలో మూడు మునకలు వేసి వచ్చి ఆ గోదావరి నీళ్లు పారే ఊరి కాలువ పక్కన ముక్కు మూసుకుని నడవడం నావల్ల కాదు. కాలువ బాగు చేయించడం కూడా దేవుడి పనే అని నేను నమ్ముతున్నాను. ప్రభను తన చేలోంచి పోనిచ్చిన రైతు దగ్గర నేర్చుకున్న నమ్మకం ఇది.

ఈ ఏడాది గుడికిచ్చే డబ్బు మా ఊరి చేలకి నీళ్లు పారే పంటబోదె పూడిక తీయించడానికి ఇస్తానని అమ్మకి ఫోన్‌లో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "స్వామికి ఏం తక్కువ చేస్తున్నావని కాదులే" అని, "మీ బాబాయిని కనుక్కోమంటాను. కాలువలు కట్టేసినప్పుడే పూడిక తియ్యాలి, వేసవి దాటితే మళ్లీ నీళ్లొదిలేస్తారు. పంపేదేదో ముందే పంపు" అంది.