డీఎస్‌ఎల్ లైటు గారికి

మహారాజశ్రీ డీఎస్‌ఎల్ లైటు గారికి,

ఉభయకుశలోపరి. అటక మీద పాత మిక్సీ జారు పక్కన మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్ తీగ మీద ఇంటర్నెట్ తెచ్చే మోడెం నెత్తిన చిన్న దీపమై మీరు మా హాల్లో కొలువుతీరిన ఆ ఏడెనిమిదేళ్లూ పొద్దున లేచి మేం మొదట చూసింది దేవుడి పటాన్ని కాదు, మిమ్మల్ని. "లైటొచ్చిందా?" అని వంటింట్లోంచి ఒకళ్లు, "ఇంకా కొట్టుకుంటోంది" అని హాల్లోంచి ఇంకొకళ్లు. నిలకడగా వెలిగారా, ఇంట్లో పండగ. మిణుకుమన్నారా, ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. దసరాకి అమ్మ మీ మోడెం నెత్తిన కుంకుమ బొట్టు పెట్టింది. చిల్లుల్లోంచి కాస్త లోపలికి రాలి ఉంటుంది, మన్నించాలి.

అలా మిణుకుతూ లోపల ఏం వెలగబెడుతున్నారో అప్పట్లో మాకు తెలీదు. తర్వాత తెలిసింది, అది వడ్డన లెక్కని.

మా ఫోన్‌కొచ్చే ఆ రాగి తీగల జంటను వేసిందే మాటల కోసం. ఫోన్లో మన గొంతుకు 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా జాగా చాలు. డయల్-అప్ రోజుల్లో మోడెం ఆ ఇరుకు గదిలోనే దూరి, కీచుమని అరిచి, మహా అయితే 56 కేబీపీఎస్ ఇచ్చేది. అది ఉన్నంతసేపూ ఫోన్ ఎంగేజ్. ఫోన్ తీగ మీదే మాటకి అడ్డురాకుండా నెట్ తెచ్చే మీ ఏడీఎస్‌ఎల్ వంశం వాళ్లు ఆ గది జోలికి పోకుండా పైన మిద్దెలు లేపారు. సుమారు 25 నుంచి 138 కిలోహెర్ట్జ్ దాకా మేం పంపేదానికి, అక్కణ్నుంచి 1,104 దాకా మాకు వచ్చేదానికి. మొత్తాన్ని 256 సన్నటి ముక్కలు చేసి, విస్తళ్లలా పరిచి, ఒక్కో విస్తరి దగ్గరా ఆగి "నువ్వెంత తినగలవు?" అని అడిగి, తట్టుకోగలిగితే 15 బిట్లు, లేకపోతే రెండో మూడో వడ్డించి, గోల ఎక్కువగా ఉన్నచోట అసలు వడ్డించకుండా ముందుకు పోవడం. మీరు మిణుకుతున్నంతసేపూ ఎక్స్ఛేంజీలో అటు కొసనుండే పెట్టె, డీస్లామ్‌తో మీ మోడెం చేసే మంతనాలు ఇవే.

ఇంత పెద్దమనిషి తరహా ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పి ఉంటే, మిణికినప్పుడల్లా స్విచ్చి ఆపి వేసేవాళ్లం కాదు. వడ్డన సగంలో పంక్తిని లేపేసి మళ్లీ మొదటినుంచి కూర్చోబెట్టేవాళ్లమన్నమాట.

ఎక్స్ఛేంజీ మా ఇంటికి నడిచివెళ్తే పావుగంట. తీగ మాత్రం పిల్లర్ అనే తీగల పెట్టెకి పోయి, అక్కణ్నుంచి వీధి చివర ఇళ్లకి తీగలు పంచే డబ్బా, డీపీకొచ్చి, స్తంభాలు మారి, ఊరంతా తిరిగి వచ్చేది. దూరం పెరిగేకొద్దీ పైమిద్దెల్లోని సంకేతాలు ముందు చచ్చిపోతాయి. మా ప్లాన్లో "2 ఎంబీపీఎస్ వరకు" అని రాసి ఉండేది. ఆ "వరకు" అనే మాటకి వేరే ఉత్తరం రాయాలి. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ పాలసీలో 256 కేబీపీఎస్ ఉంటే చాలు బ్రాడ్‌బ్యాండే అన్నారు కాబట్టి, మీరెంత నీరసించినా కాగితం మీద బ్రాడే.

ఇంకో ముచ్చట. విజయవాడ రేడియో 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. మీ పంక్తిలో లెక్కేస్తే అది సుమారు 194వ విస్తరి. అంటే మీరు వడ్డనకు వచ్చేసరికే అక్కడ ఆకాశవాణి వారు కూర్చుని ఉన్నారు. మా లైను పొడుగుకి అంత దూరపు విస్తళ్లకి ఎలాగూ అన్నం అందేది కాదనుకోండి.

పంపే మిద్దె చిన్నదని చెప్పాను కదా. దాని ఫలితం ఆదివారాలు వీడియో కాల్లో కనిపించేది. అమెరికాలో అన్నయ్య నవ్వడం, కాఫీ తాగడం అన్నీ మాకు బాగానే కనిపించేవి. వాడికి మాత్రం అమ్మ, నోరు సగం తెరిచిన ఫొటోలా. "అమ్మా, కదులు" అనేవాడు. పాపం ఆవిడ కుర్చీలోనే అటూ ఇటూ ఊగేది.

మీ మీద నాకున్న అసలు ఫిర్యాదు అత్తయ్య విషయంలో. అత్తయ్య దగ్గర్నుంచి ఫోనొస్తే చాలు, మీరు టపీమని ఆరిపోయేవారు. ఏడాది పాటు ఆవిణ్ని అనుమానించాం. "ఆవిడ చెయ్యి పెడితే ఏదైనా అంతే" అని నాన్న తీర్పు కూడా చెప్పేశారు. చివరికి లైన్‌మ్యాన్ వచ్చి, గోడకున్న ఫోన్ సాకెట్టు, రోజెట్ విప్పి, గోడ వెంట వేలు పెట్టి పోతూ పడగ్గది మంచం వెనక ఆగాడు. "ఈ ప్యారలల్ ఎవరు లాగారండీ?" అన్నాడు.

నాన్న పేపర్లో తల దూర్చారు.

స్ప్లిటర్ అనే ఆ చిన్న తెల్లడబ్బా పని మాటల్ని ఒక పక్కకీ నెట్‌ని ఇంకో పక్కకీ విడదీయడం. నాన్న రెండో ఫోన్‌కి దానికి ముందే తీగ కలిపేశారు. బెల్లు మోగినా, రిసీవర్ ఎత్తినా ఆ కుదుపంతా నేరుగా మీ మీదే. ఏ ఫోనొచ్చినా మీరు ఆరిపోయేవారన్నమాట. అత్తయ్య రోజుకి నాలుగుసార్లు చేసేది, అదీ ఆవిడ నేరం.

మీరు అబద్ధం కూడా ఆడేవారు. ఓ వానాకాలం జంటలో ఒక తీగ తెగి ఫోన్ మూగబోయింది. మీరు మాత్రం కుంటుతూనే వెలిగారు. మాటకి రెండు తీగలూ కావాలి, మీకు ఒకటున్నా కొంత ఈడ్చుకురాగలరట. కంప్లయింట్ ఇస్తే, "నెట్టొస్తోంది కదండీ, లైను బాగానే ఉంది" అని మూసేశారు. ఆ ముక్క చెప్పడానికి పక్కింటి ఫోన్‌కి చేశారు.

ఇప్పుడు ఫైబర్ వచ్చింది. కొత్త డబ్బాకి ఎర్రలైటు ఒకటుంది. అది వెలగడం మంచిదా, వెలగకపోవడం మంచిదా అని అమ్మ రోజూ అడుగుతోంది. వెలగకపోతేనే మంచిదంటే నమ్మడం లేదు.

ఇట్లు,
మీ పాత భక్తుడు

తా.క.: మీ అడాప్టర్ కొత్త డబ్బాకి సరిపోయింది, 12 వోల్టులే కదా అని వాడేస్తున్నాం. నాన్న లాగిన తీగ ఇంకా మంచం వెనకే ఉంది. అత్తయ్య వచ్చినప్పుడు ఆ గదిలోనే పడుకుంటోంది.