వచ్చే వారం కూడా అదే మనిషి ఉంటారా?

హైదరాబాద్‌లో ‘కౌన్సెలింగ్’ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఎప్‌సెట్ సీట్లు. తాగి బండి నడుపుతూ దొరికినవాళ్లను ఇంట్లోవాళ్లతో సహా గోషామహల్‌కు పిలిపించి చెప్పే మాటలనూ కౌన్సెలింగ్ అనే అంటారు. రౌడీషీటర్లకు ఠాణాలో ఇచ్చే హెచ్చరికా అదే, కొట్లాడుకున్న ఆలుమగలకు పెద్దలు చెప్పే ‘సర్దుకుపొండి’ కూడా అదే. ఈ వాడుకలో ఒకరు చెప్పాలి, ఇంకొకరు తలూపాలి. అందుకే మనసు బాగాలేని మనిషిని కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమంటే ‘నాకు తెలియనిది వాళ్లేం చెప్తారు?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెప్పించుకోవడానికైతే నిజంగానే వెళ్లక్కర్లేదు.

అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్న ఒక అమ్మాయిని ఊహించుకోండి. ఇది నాలుగో ఏడు. నిద్ర పట్టదు, పుస్తకం తెరిస్తే కళ్లలో నీళ్లు. ఫోన్ చేస్తే అమ్మ ‘రంది పెట్టుకోకు బిడ్డా’ అంటుంది. రూమ్మేట్ యోగా చెయ్యమంటుంది. ఇద్దరూ ప్రేమతోనే అంటున్నారు. కానీ ‘రంది పెట్టుకోకు’ అనగానే ఆ రంది ఏమిటో చెప్పుకునే దారి మూసుకుపోతుంది. కౌన్సెలర్ దగ్గర మొదటి వారం ఆమె నిద్ర గురించే చెప్తుంది. రెండో వారం మార్కుల గురించి. ఆరో వారానికి గానీ ‘నాన్న ఎకరం అమ్మి పంపిన పైసలతోని చదువుతున్న, ఈ మాట ఎవ్వరితోని అనలే’ అన్నది బయటికి రాదు. ఐదో వారంలో కౌన్సెలర్ మారిపోతే? కొత్త మనిషి ముందు మళ్లీ నిద్ర దగ్గరే మొదలుపెట్టాలి.

కౌన్సెలింగ్‌లో నయం చేసేది పద్ధతి ఒక్కటే కాదు, బంధం కూడా అని గట్టిగా వాదించిన అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్. షరతులు పెట్టని ఆదరణ, ఎదుటివారి లోపలినుంచి చూడగలగడం, నటన లేకపోవడం ఉంటే మనిషి మారతాడని 1957లో రాశాడు. అవి ఉంటే చాలు అనేంత దూరం వెళ్లాడు. నేను అంత దూరం వెళ్లను. 295 అధ్యయనాలను, 30,000 మందికి పైగా చికిత్స పొందినవాళ్ల ఫలితాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2018లో వచ్చింది. బంధం గట్టిగా ఉన్నచోట ఫలితమూ మెరుగ్గా ఉందని, చికిత్స ఏ పద్ధతిదైనా ఇది కనిపిస్తోందని తేల్చింది. ఆ సంబంధం మధ్యస్థమైనదే, కానీ చోటు మారినా నిలబడింది. బంధం అంటే ఒట్టి ఆప్యాయత అనుకోకూడదు. ఎక్కడికి చేరాలి, అందుకు ఏం చెయ్యాలి అన్నదానిపై ఇద్దరికీ ఒప్పుదల ఉండటం కూడా అందులో భాగమని మరో అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లోనే చెప్పాడు.

ఇది ఎలా పనిచేస్తుంది? చిన్నప్పటినుంచి ‘చెప్తే తిడతారు’ అని నేర్చుకున్నవాళ్లు కౌన్సెలర్ దగ్గరా తిట్టు కోసమే ఎదురుచూస్తారు. అది రాదు. మళ్లీ చెప్తారు, మళ్లీ రాదు. ఒంట్లో బిగుసుకున్న భయం అలా వారాల తరబడి సడలుతుంది. ఇంతకన్నా విలువైన ఘట్టం ఇంకొకటుంది. ఒకరోజు కౌన్సెలర్ మాటల మధ్యలో ఫోన్ చూస్తుంది. ఎదుట ఉన్న మనిషి ముడుచుకుపోతుంది. తర్వాతి వారం ధైర్యం చేసి ‘మీరు ఆరోజు ఫోన్ చూసిన్రు’ అంటుంది. ‘అవును, తప్పు నాదే. నీకు ఏమనిపించింది?’ అని కౌన్సెలర్ అడుగుతుంది. పెద్దవాళ్ల నోట ‘తప్పు నాదే’ అన్నమాట మన ఇళ్లలో ఎందరు పిల్లలు విన్నారు? బంధంలో చిరుగు పడటం, దాన్ని ఇద్దరూ కూర్చుని కుట్టుకోవడం చికిత్సలో ముఖ్యమైన పని అని మనస్తత్వవేత్తలు జెరెమీ సాఫ్రాన్, క్రిస్టఫర్ మురాన్ ఏళ్ల తరబడి పరిశోధించి చూపారు. రెండో వారం లేకపోతే కుట్టే అవకాశమే లేదు.

కౌన్సెలర్‌ని అక్కా అని పిలవొచ్చు, ఆమె మాత్రం అక్క అయిపోకూడదు. అక్క అయితే అమ్మకు చెప్పేస్తుంది, పెళ్లి సంబంధం చూస్తుంది, అలుగుతుంది. సమయం, ఫీజు, గోప్యత అనే గట్లు ఉంటేనే ఆ బంధం భద్రంగా ఉంటుంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 గోప్యతను హక్కుగా ఇచ్చింది. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు ఆ గోప్యతకు మినహాయింపు ఉంటుంది, అదీ మొదటిరోజే చెప్పాలి. తీవ్రమైన జబ్బులకు డాక్టరూ మందులూ కావాలి, ఎర్రగడ్డ ఆస్పత్రికి వెళ్లడంలో సిగ్గేమీ లేదు.

మరి అందరికీ ఇలాంటి మనిషి ఎక్కడ దొరకాలి? బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 అర్ధరాత్రి ఊపిరాడనప్పుడు ఎంతో మేలు, ఎవరికైనా నేను ముందు ఇచ్చే నంబరు అదే. కానీ ఆరు వారాల బంధాన్ని ఫోన్ లైన్ నుంచి ఆశించలేం. కాలేజీల్లో ఐదువందల మందిని హాల్లో కూర్చోబెట్టి ఇచ్చే ప్రేరణ ప్రసంగాన్ని కౌన్సెలింగ్ లెక్కలో రాసుకోవడం మాత్రం ఆపాలి.

జింబాబ్వే రాజధాని హరారేలో సైకియాట్రిస్ట్ డిక్సన్ చిబాండా అవ్వలకు శిక్షణ ఇచ్చి క్లినిక్ ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టాడు. అక్కడివాళ్లు తమ బాధను ‘కుఫుంగిసిసా’ అంటారు, అతిగా ఆలోచించడం అని అర్థం. మన ‘రంది’కి దగ్గరి చుట్టం. 24 క్లినిక్‌లలో 573 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. మామూలు వైద్యం అందినవాళ్లకన్నా బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఆరు నెలల తర్వాత లక్షణాలు తక్కువగా ఉన్నాయి. ఆ అవ్వలు వైద్య పట్టాలు లేనివాళ్లు, అదే వాడలవాళ్లు, అదే భాష మాట్లాడేవాళ్లు. వాళ్ల వెనక పర్యవేక్షణా ఉంది.

2018 నుంచి మనకు బస్తీ దవాఖానలు ఉన్నాయి. బీపీ చూపించుకోవడానికి వచ్చే ఆడవాళ్లలో ‘గుండెల దడదడ’ అని చెప్పేవాళ్లు తక్కువేమీ కాదు. ప్రతి దవాఖాన దగ్గరా ఒక బెంచీ, శిక్షణ పొందిన అదే బస్తీ మనిషి ఒకరు, వారంలో ఖాయంగా రెండు రోజులు, ఆమె బరువు దించుకోవడానికి నెలకు రెండుసార్లు ఒక సైకాలజిస్టుతో మాట. ఆమెను ఏడాదిపాటు బదిలీ చేయకూడదు, సర్వే పనులకు లాగకూడదు. బోరబండలో ఒకటి, చాంద్రాయణగుట్టలో ఇంకొకటి, అక్కడ ఉర్దూ మాట్లాడే ఆమెతో, వచ్చే నెలే మొదలుపెట్టొచ్చు.