పేరు జొట్టోది, మోకాళ్లు మనవి

ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో పెద్ద చర్చి పక్కనే ఒక గంట గోపురం ఉంది. ఎత్తు 84.7 మీటర్లు, మెట్లు 414, లిఫ్ట్ లేదు. ప్రపంచమంతా దాన్ని జొట్టో గోపురం అంటుంది. టికెట్టు కొని, చెమటలు కక్కుతూ పైదాకా వెళ్లే ప్రతి యాత్రికుడూ గమనించాల్సిన విషయం ఒకటుంది. జొట్టో అంత ఎత్తు ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కుదామన్నా ఆయన బతికున్నంతకాలం గోపురం అంతదాకా లేవలేదు.

1334 జులైలో శంకుస్థాపన జరిగింది. అప్పటికే జొట్టో ఇటలీ అంతటా పేరుమోసిన చిత్రకారుడు. రంగులు కలిపే మనిషికి రాళ్లు పేర్చే పని ఎందుకిచ్చారని అడగకూడదు. పేరున్నవాడికి ఏ పదవైనా ఇవ్వవచ్చన్నది నగరపాలనలో అతి పురాతన సూత్రం. 1337 జనవరిలో ఆయన కన్నుమూసేనాటికి పూర్తయింది కింది అంతస్తు మాత్రమే. తర్వాత ఆండ్రియా పిసానో అనే శిల్పి వచ్చి మరికొంత లేపాడు. 1348లో ప్లేగు వచ్చి ఊరినే తుడిచిపెట్టినంత పనిచేసింది, కట్టడం ఆగిపోయింది. ఆ తర్వాత ఫ్రాంచెస్కో తాలెంటి అనే ఆయన బరువు నెత్తికెత్తుకుని, కిటికీలున్న రెండు అంతస్తులు, వాటిపైన గంటలుండే పెద్ద అంతస్తు కట్టి, 1359 నాటికి పని ముగించాడు.

ఇప్పుడు చెప్పండి, గోపురం ఎవరిది?

శంకుస్థాపన చేసినవాడిదే! ఇందులో సందేహానికి తావే లేదు. "పునాదిరాయి వేసింది మేము, రిబ్బన్ కత్తిరించింది మీరు" అంటూ మన రెండు రాష్ట్రాల్లోనూ నాయకులు మైకులు పగలగొట్టుకుంటున్నారు కానీ, ఫ్లోరెన్స్ వాళ్లు ఈ కేసును ఎప్పుడో తేల్చేశారు. శిలాఫలకం కూడా ఉంది. 1490లో పక్కనున్న చర్చి లోపల జొట్టో విగ్రహం పెట్టి, కింద లాటిన్ పద్యం చెక్కించారు. అందులో జొట్టోనే మాట్లాడతాడు. గంటలు మోగే ఆ గోపురం కూడా నా నమూనా ప్రకారమే నక్షత్రాలదాకా పెరిగింది అంటాడు. చనిపోయి నూట యాభై ఏళ్లు దాటిన మనిషి చేత ఇంత ధీమాగా ప్రెస్‌మీట్ పెట్టించడం మన పార్టీల ఐటీ విభాగాలకు కూడా ఇంకా చేతకాలేదు.

ఆ "నా నమూనా ప్రకారమే" దగ్గర చిన్న చిక్కుంది. జొట్టో అనుకున్న నమూనాలో పైన సూదిలాంటి శిఖరం ఉండాలి. తాలెంటి దాన్ని మానేసి చదునైన డాబా వేశాడు. ఈరోజు పైకెక్కి సెల్ఫీ దిగే ప్రతి మనిషీ నిజానికి తాలెంటి చేసిన సవరణ మీద నిలబడి ఉన్నాడు. శిఖరమే కట్టి ఉంటే 414 మెట్లూ ఎక్కాక ఎక్కడ నిలబడేవాళ్లమో జొట్టో అభిమాన సంఘం వారే చెప్పాలి.

తాలెంటి చేసిన అసలు తప్పు వేరే ఉంది. పైకి పోయేకొద్దీ అంతస్తులు చిన్నవిగా కనిపిస్తాయని తెలుసు కాబట్టి, ఒక్కో అంతస్తునూ కిందిదానికన్నా పెద్దదిగా కట్టాడు. ఫలితంగా కింద నుంచి చూస్తే అన్నీ కుదురుగా సమానంగా కనిపిస్తాయి. అంటే ఎవరికీ తెలియకుండా ఉండటానికే అంత కష్టపడ్డాడు. ఇలాంటివాళ్లకు ప్రమోషన్లు రావు. ఏ ఆఫీసులో అడిగినా చెబుతారు.

పేరు పోగొట్టుకున్నవాళ్లు ఈ గోపురం మీద ఇంకా ఉన్నారు. దొనాతెల్లో అనే శిల్పి చెక్కిన హబక్కూకు ప్రవక్త విగ్రహం ఒకప్పుడు ఇక్కడే ఉండేది. నున్నటి బట్టతల చూసి ఊరివాళ్లు ఆయనకు గుమ్మడికాయ అని పేరు పెట్టారు. బైబిల్లో ఒక గ్రంథమే తన పేరు మీద ఉన్న ప్రవక్తకు దక్కిన గౌరవం ఇదీ! వానకూ పొగకూ పాడవకుండా అసలు విగ్రహాన్ని మ్యూజియంలోకి మార్చి, ఇక్కడ నకలు నిలబెట్టారు.

మెట్ల సంగతి కూడా చెప్పాలి. ఇరుకు దారి, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఎదురుపడుతూనే ఉంటారు. మధ్యలో అంతస్తులు వచ్చినప్పుడల్లా అందరూ ఆగి "ఆహా, ఎంత బాగుందో" అంటారు. అది కళాభిమానం కాదు, ఆయాసం. అలిపిరి నుంచి తిరుమల నడిచిన మనవాళ్లు "ఇదో లెక్కా" అంటూ మొదలుపెడతారు. అక్కడ గోవింద నామం ఉంటుంది, ఇక్కడ ముందువాడి బూట్ల మడమలు తప్ప ఏమీ కనిపించవు. వెనిస్‌లో ఇలాంటి గోపురమే 1902లో కుప్పకూలితే 1912కల్లా మళ్లీ కట్టేశారు, ఇప్పుడు అందులో లిఫ్ట్ ఉంది. లిఫ్ట్‌లో పైకెళ్లినవాడికి ఫొటో మిగులుతుంది కానీ చుట్టాల దగ్గర చెప్పుకోవడానికి కష్టం మిగలదు.

పైన ఇనుప వల ఉంది. దాని సందుల్లోంచి పక్క చర్చికి బ్రునెల్లెస్కి అనే ఆయన కట్టిన ఎర్రటి గుమ్మటం చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తుంది. ఆ గుమ్మటం ఎక్కడానికి 463 మెట్లు, కానీ ఎక్కితే గుమ్మటమే కనిపించదు. పదవి పక్కన ఉండాలి కానీ పదవిలో ఉండకూడదని పెద్దలు అనేది ఇందుకేనేమో.

ఇంత కష్టపడి వచ్చినవాడికి తన పేరు కూడా గోడ మీద ఉండాలనిపించడం సహజం. గోల్కొండ గోడల మీద బాణం గుచ్చిన గుండెలు గీసిన జాతి మనది, ఆ బాధ మనకు అర్థమవుతుంది. 1296 నుంచి చర్చి బాగోగులు చూస్తున్న సంస్థకూ అర్థమైంది. 2016లో గోపురం లోపల ట్యాబ్లెట్లు పెట్టి, గోడ మీద రాయకండి, ఇందులో రాసుకోండి, భద్రంగా దాచిపెడతాం అన్నారు. జొట్టోకు చలువరాయి, మనకు ట్యాబ్లెట్టు. తాలెంటికి మాత్రం టికెట్టు మీద కూడా చోటు లేదు.

కాబట్టి సదరు సంస్థ వారికి నాదొక విన్నపం. 414 మెట్లలో కనీసం ఒకదానికైనా తాలెంటి పేరు పెట్టండి. ఏ మెట్టుకైనా అభ్యంతరం లేదు, మొదటి మెట్టుకు తప్ప. అక్కడ పెడితే అది శంకుస్థాపన కిందికి వస్తుందని జొట్టో వర్గం కోర్టుకెళుతుంది.