రిజిస్ట్రీ కరణం గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ విండోస్ రిజిస్ట్రీ కరణం గారి సముఖానికి,

గుంటూరు అరండల్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసుకుని బతికేవాడు రాసుకుంటున్న విన్నపం. తమరి ఘనత ఎరగనివాడిని కాను. విండోస్ కంప్యూటర్లో ప్రోగ్రాముల, పరికరాల సెట్టింగులు రాసిపెట్టే దస్త్రం తమరే. తమరు రాకముందు ఏ ప్రోగ్రాం సెట్టింగులు ఆ ప్రోగ్రామే ఐఎన్‌ఐ అనే చిన్న ఫైల్లో రాసుకునేది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఎవరైనా చదవగలిగేవారు. అందరికీ అర్థమయ్యేది ఇక దస్త్రమెలా అవుతుంది? మా దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1984లో కరణాల పదవులు రద్దు చేసింది. లెక్కలన్నీ ఒకే మనిషి చంకలో ఉండే రోజులు పోయాయనుకున్నాం. 1992లో విండోస్ 3.1 వెంట తమరు వేంచేశారు. ఏ ఫైలును ఏ ప్రోగ్రాం తెరవాలన్న కాస్త లెక్కతో మొదలుపెట్టి, విండోస్ 95 నాటికి ఊరంతా గుప్పిట్లో పెట్టుకున్నారు.

ఇక అసలు సంగతి. మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దాని వెనక తూకం అంకెలు బయటికి పంపే పాతకాలపు సీరియల్ పోర్టు. యూఎస్‌బీ కేబుల్‌తో దాన్ని కంప్యూటర్‌కు కలిపారు. కంప్యూటర్‌లో ఆ పోర్టుకు తమరు కామ్3 అని నామకరణం చేశారు, బిల్లుల సాఫ్ట్‌వేర్ కూడా అదే రాసుకుంది. అంతా బాగుంది. ఇంతలో ఆ యూఎస్‌బీ బెజ్జం వదులైపోయి, గుమస్తా కేబుల్ తీసి పక్కదానిలో గుచ్చాడు.

కాటా మీద ఎర్రటి అంకెల్లో 42.350. కంప్యూటర్ తెర మీద సున్నా. తేజ రకం మిర్చి టిక్కీ, అదే బస్తా, కాటా మీదే ఉంది, రైతు కాటానూ గుమస్తానూ మార్చి మార్చి చూస్తున్నాడు, ఘాటుకు అందరూ దగ్గుతున్నారు. నాకు ఫోను వచ్చింది.

నేరమల్లా ఒక్కటే: ఆ కేబుల్‌లోని చిప్‌కు సొంత సీరియల్ నంబరు లేదు. నంబరున్న పరికరాన్ని తమరు ఎక్కడ గుచ్చినా గుర్తుపడతారు, కాదనను. లేనిదాన్ని మాత్రం ఏ బెజ్జంలో ఉందన్నదాన్ని బట్టే పోల్చుకుంటారు. బెజ్జం మారితే అదే తీగ తమరికి పరాయిదే. కొత్త పద్దు, కొత్త పేరు కామ్4. బిల్లుల సాఫ్ట్‌వేరేమో ఇంకా కామ్3 వైపే చూస్తోంది. పాత సెట్టింగులు పాత పద్దులోనే భద్రం.

పోనీ కామ్3నే మళ్లీ ఇప్పిద్దామంటే ‘వాడుకలో ఉంది’ అన్నారు. ఎవరి వాడుకలో, స్వామీ? పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో దాచిన పరికరాలను చూపించమంటే బూడిదరంగులో ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఎప్పుడో పాత సామాన్లవాడికి అమ్మేసిన మోడెం, ఎవరిదో పెన్‌డ్రైవ్, చచ్చిన మౌసు, వాటి పక్కనే ఊడదీసిన మా కామ్3. కామ్‌డీబీ అని 256 పోర్టులకు ఒక పట్టీ పెట్టుకుని, ఒక్కో నంబరుకు ఒక్కో బిట్ చొప్పున కాపలా కాస్తున్నారట. పరికరం ఊడి వెళ్లిపోయినా ఆ గుర్తు చెరపరు. ఎదురుగా కూర్చున్న కాటా మాత్రం తమరికి గుర్తు లేదు!

ఆ పద్దేదో కళ్లారా చూద్దామని తమరి కచేరీలోకీ వచ్చాను. లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, ఎనమ్, యూఎస్‌బీ, తయారీదారు నంబరు, ఆపైన నోరు తిరగని అంకెల పేరు, దాని కింద డివైస్ పారామీటర్స్. ఇన్ని గడపలు దాటితే లోపల కనిపించింది కామ్3 అన్న ఒక్క ముక్క. డ్రైవర్ సంగతులు కావాలంటే కంట్రోల్, క్లాస్ అని ఇంకో వీధికి వెళ్లాలట. ఎనమ్ గదిలో చాలా చోట్ల అడ్మినిస్ట్రేటర్‌కు కూడా చూసే భాగ్యమే తప్ప రాసే హక్కు లేదు. ఇంటి యజమాని హోదా ఇదీ.

చివరకు పాత పద్దులు తీసేయించి, కామ్3 పేరు కొత్త బెజ్జానికి రాయించాను. గుమస్తా దానికి కుంకుమ బొట్టు పెట్టి, మిగతా బెజ్జాలకు టేపు అంటించాడు. పెన్‌డ్రైవ్ పెట్టుకునే దిక్కు లేకుండా చేశానని యజమాని ఇప్పుడు నన్ను తిడుతున్నాడు. ఆ తిట్లు తమరి ఖాతాలో రాసుకోండి. ఎలాగూ చెరపరు కదా.

ఇట్లు,
తమరి గడపలు ఎక్కి దిగుతున్న ఒక మరమ్మతుదారు