కిటికీలోంచి ఎగిరొచ్చిన కర్చీఫుకు

కర్చీఫు గారికి,

నమస్కారం. మొన్న భోగి ముందురోజు విజయవాడ బస్టాండులో బందరు వెళ్లే పల్లెవెలుగు ఇంకా సరిగ్గా ఆగనైనా లేదు, తమరు కిటికీలోంచి ఎగిరొచ్చి మూడో వరుస సీటు మీద వాలిపోయారు. నీలం గళ్లు, ఓ మూల పసుపు మరక, ఇంకా ఆరని చెమట. మేమంతా తోసుకుని, చెప్పులు తొక్కించుకుని లోపలికొచ్చేసరికి తమరు కాళ్లు చాపుకుని పడుకున్నట్టే ఉన్నారు.

మీ చుట్టాలందర్నీ ఎరుగుదును. పేపరు వేస్తే ఎవరో ఒకరు తీసి చదివేసుకుంటారు, నీళ్ల బాటిల్ దొర్లిపోతుంది, పిల్లాణ్ణి కిటికీలోంచి దూరిస్తే వాడు ఏడుపందుకుంటాడు. మీరు ఏమీ చెయ్యరు. ఊరికే ఉంటారు. అయినా మిమ్మల్ని ముట్టుకునే ధైర్యం ఎవడికీ లేదు.

డెబ్బై దాటిన ఓ మామ్మగారు అరిసెల డబ్బా చంకలో పెట్టుకుని వచ్చి, ‘ఇక్కడెవరన్నా ఉన్నారా బాబూ?’ అని అడిగారు. ‘ఉన్నారండీ, కర్చీఫు వేశారు’ అన్నది ఎవరనుకున్నారు, నేనే. నన్నెవరూ కాపలా పెట్టలేదు, మీ ఓనరు మొహం కూడా నేను చూళ్లేదు, అయినా నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

1755లో రూసో అనే తత్వవేత్త ఒక మాట రాశాడు. మొట్టమొదట ఎవడో కాస్త నేల చుట్టూ కంచె వేసి ‘ఇది నాది’ అన్నాడట, అది నమ్మేంత అమాయకులు వాడికి దొరికారట, పౌర సమాజం అక్కడే మొదలైందట. పాపం వాడికి కంచె కావాల్సొచ్చింది. మీ ఓనరుకి పది రూపాయల గుడ్డ చాలింది, అమాయకులం బస్సు నిండా ఉన్నాం కదా.

బస్సు స్టార్టయ్యాక ఆయనొచ్చి, మిమ్మల్ని సీటు మీంచి తీసి, టీ తాగిన మూతి మీతోనే తుడుచుకుని కూర్చున్నాడు. పక్క సీటన్నా ఇస్తాడేమో అనుకుంటే దాని మీద బ్యాగు పెట్టి, ‘మావాడు బెంజి సర్కిల్లో ఎక్కుతాడు’ అన్నాడు. మామ్మగారు ఉయ్యూరు దాకా డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీదే, ఆ వేడిలో, అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

ఇక్కడితో ఆపేస్తే నేను మంచివాణ్ణనుకుంటారు. కనుమ వెళ్లాక తిరుగు ప్రయాణంలో బందరు బస్టాండులో నేనూ కర్చీఫు విసిరాను. లోపలికెళ్లి చూస్తే ఆ సీట్లో ఒక కాలేజీ అమ్మాయి కూర్చుని ఉంది. ‘కర్చీఫు వేశానమ్మా, కనపడలేదా?’ అన్నాను, ఆస్తి తగాదాకి వచ్చినవాడిలా. ‘కనపడిందండీ, మీదేనా, ఇదిగో’ అని నాలుగు మడతలు పెట్టి చేతిలో పెట్టింది.

రోజులెంత పాడైపోయాయో అనుకుంటూ విజయవాడ దాకా కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. దారంతా చెమట తుడుచుకోవడానికి మాత్రం మీ తమ్ముడు బాగా పనికొచ్చాడు.

ఇట్లు,
మూడో వరుస పక్కన నిలబడ్డవాడు