సలహాలు సరే, సమయం ఏదీ?

ఏడాదికి ఒకసారి పనిచోట ఆరోగ్య శిబిరం పెడతారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, రక్తపోటు చూసే యంత్రం. వరుసలో నిలబడ్డ మనిషి తన వంతు రాగానే గబగబా వచ్చి కుర్చీ అంచున కూర్చుంటాడు. పని మధ్యలో వదిలి వచ్చాడు కనుక మనసంతా అక్కడే ఉంటుంది. చేతికి పట్టీ బిగుస్తుండగా వెనకాలవారు ఏదో అడుగుతారు, ఇతను బదులు చెబుతాడు. అంకె కాగితానికి ఎక్కుతుంది. తర్వాతి మనిషి వచ్చి కూర్చుంటాడు. రక్తపోటు చూసే పద్ధతి ఇది కాదు. ముందు కనీసం ఐదు నిమిషాలు మనిషిని ఊరికే కూర్చోనివ్వాలి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, చేయి గుండె ఎత్తులో ఉండాలి, మాటలు ఉండకూడదు. కొలత తప్పితే ఉన్న జబ్బు లేదనుకుంటాం, లేని జబ్బుకు భయపడతాం. ఆ ఐదు నిమిషాలు ఎందుకు దొరకవంటే, అవి పనివేళల్లోంచి రావాలి. జబ్బు రాకముందే జాగ్రత్తపడటం గురించి మేము చెప్పదలచిన మాటంతా ఆ ఐదు నిమిషాల దగ్గరే ఉంది.

ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్నవారిలో సుమారు 128 కోట్ల మందికి అధిక రక్తపోటు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. నొప్పి ఉండదు, జ్వరం రాదు, పనికి అడ్డం పడదు. ఏళ్ల తరబడి రక్తనాళాలను, మూత్రపిండాలను, కళ్లను లోలోపలే దెబ్బతీసి, ఒకరోజు పక్షవాతంగానో గుండెపోటుగానో బయటపడుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే గతి మనకు ఎక్కువగా పట్టేది ఇలాంటి జబ్బుల్లోనే.

మధుమేహం సంగతీ అంతే. ఆ జబ్బు అంచున ఉన్న మూడు వేల మందికి పైగా మనుషులపై అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తిండిలో, నడకలో మార్పు తెచ్చుకున్నవారిలో మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మందు వాడినవారిలో తగ్గింది 31 శాతమే. ఈ రెండు అంకెలూ ఉపన్యాసాల్లో తరచూ వినిపిస్తాయి. వినిపించనిది ఒకటుంది. ఆ మార్పు తెచ్చుకున్నవారికి కరపత్రం చేతిలో పెట్టి పంపేయలేదు. ఒక్కొక్కరి వెంట ఒక శిక్షకుడు నెలల తరబడి ఉన్నాడు. వారానికి 150 నిమిషాల నడక, శరీర బరువులో 7 శాతం తగ్గుదల అనే లక్ష్యాలను అందుకునేలా చేయి పట్టి నడిపించారు.

వారానికి 150 నిమిషాలంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. వినడానికి ఎంతో లేదు. తెల్లవారకముందే లేచి ఇంటిపని ముగించి, రెండు బస్సులు మారి పనికి చేరి, పది గంటల తర్వాత మళ్లీ రెండు బస్సులు మారి ఇల్లు చేరే మహిళను అడిగితే ఆ అరగంట ఎంతో తెలుస్తుంది. ఆమెకు నడక మంచిదని తెలియక కాదు. బద్ధకమూ కాదు. ఆమె రోజులో ఆ అరగంట లేదు. ఆమె రోజును నిర్ణయించేది ఆమె కాదు.

పనికీ ఆరోగ్యానికీ ఉన్న ఈ ముడి కొత్తగా కనిపెట్టింది కాదు. రోగి వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నల్లో నీవు చేసే పని ఏమిటన్నది కూడా ఉండాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ 1700లోనే రాశాడు. అందుకోసం ఆయన కార్మికులు పనిచేసే చోట్లకే వెళ్లి చూశాడు. లండన్‌లో జెర్రీ మోరిస్ బృందం 1953లో ప్రచురించిన పరిశోధన ఆ ముడిని మరింత స్పష్టంగా చూపింది. రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు అదే బస్సులో రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. కండక్టర్లకు వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. మోరిస్ అక్కడితో సంతృప్తిపడలేదు. మొదటినుంచీ లావుగా ఉన్నవారే డ్రైవర్లుగా చేరుతున్నారేమోనని వారి యూనిఫాం కొలతల పట్టికలు తెప్పించి చూశాడు. డ్రైవర్ల నడుము కొలతలు నిజంగానే పెద్దవి. తన వాదానికి అడ్డువచ్చే ఆ సంగతినీ ఆయనే ప్రచురించి, మరిన్ని ఏళ్లు ఇతర ఉద్యోగుల మీద పరిశోధన కొనసాగించాడు. ఆరోగ్యం పేరుతో ఏదో ఒకటి అమ్మజూపేవారు ఎక్కువైన ఈ రోజుల్లో ఆ నిజాయితీని తలచుకోవడం మా కర్తవ్యం అనుకుంటున్నాం. కండక్టర్లకు మెట్లు ఎక్కమని ఎవరూ సలహా ఇవ్వలేదు. ఆ కదలిక వారి పనిలోనే ఉంది.

సలహా ఒక్కటే ఇస్తే ఏమవుతుందో కూడా పరీక్షించి చూశారు. అమెరికాలో ఒక పెద్ద సంస్థకు చెందిన 160 శాఖలను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొన్నింటిలో మాత్రమే పోషణ, వ్యాయామం, ఒత్తిడి నియంత్రణ పాఠాలు నడిపారు. 2019లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఏడాదిన్నర తర్వాత ఆ ఉద్యోగులు మేము వ్యాయామం చేస్తున్నామని ఎక్కువగా చెప్పారు. బరువులో, రక్తపోటులో, కొలెస్టరాల్‌లో, సెలవుల్లో, వైద్య ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. పాఠాలు చెప్పినవారి చిత్తశుద్ధిని మేము శంకించడం లేదు. పని తీరు పాతదే, పని గంటలు పాతవే, నడుమ ఒక పాఠం మాత్రం కొత్తది. అలాంటి చోట అది కంటితుడుపు కాక ఏమవుతుంది?

వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి వెల్లడించాయి. ఒక్క 2016లోనే ఇలా పోయిన ప్రాణాలు 7,45,000 అని అంచనా. ఈ అంకెల ముందు, రాత్రి పదింటికి పని సందేశం పంపి పొద్దున్నే యోగా తరగతికి రమ్మనే యాజమాన్యం తనను తాను ప్రశ్నించుకోవాలి. పని గంటలతోపాటు పని మీద మనిషికి ఉండే అధికారం కూడా లెక్కలోకి వస్తుంది. బ్రిటన్ ప్రభుత్వోద్యోగులపై 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో అట్టడుగు స్థాయి ఉద్యోగుల మరణాల రేటు పైస్థాయి వారికన్నా దాదాపు మూడు రెట్లు ఉన్నట్టు తేలింది. వారిలో ఎవరూ దిక్కులేని పేదలు కారు, అందరూ జీతగాళ్లే. పొగతాగడం వంటి అలవాట్లు ఆ తేడాలో కొంత భాగాన్నే వివరించగలిగాయి. తన పనిపై తనకే పట్టు లేకపోవడం గుండెకు చేటని 1985లో మొదలైన రెండో అధ్యయనం చూపింది.

నీళ్ల సీసా గురించి చెప్పాలి. రోజుకు ఇన్ని నీళ్లు తాగండని రాసిన బొమ్మ గోడ మీద ఉంటుంది. దాని కిందే నిండు సీసా సాయంత్రం దాకా నిండుగానే ఉంటుంది. ఎందుకంటే మరుగుదొడ్డి దూరం, లేదా తాళం వేసి ఉంటుంది, లేదా లేచి వెళ్తే లెక్క తగ్గి కూలి కోసుకుపోతుంది, లేదా వెళ్లడానికి ఒకరి అనుమతి కావాలి. అందుకని మహిళలు నీళ్లు తాగడమే మానేస్తారు. మూత్రనాళాల ఇన్‌ఫెక్షన్లు పదేపదే వస్తాయి. నెలసరి రోజుల్లో ఆ బాధ చెప్పనలవి కాదు. ఇక ఎండలో పనిచేసేవారిది మరో కథ. మధ్య అమెరికా చెరకు తోటల్లో వయసులో ఉన్న కార్మికులు వేల సంఖ్యలో మూత్రపిండాలు చెడి చనిపోయారు. విశ్రాంతి లేకుండా వేడిలో చేసే కఠిన శ్రమకు ఇందులో పెద్ద పాత్ర ఉందని పరిశోధకులు గుర్తించారు. నీళ్లు, నీడ, వేళకు విశ్రాంతి ఏర్పాటు చేసిన తోటల్లో మూత్రపిండాలు దెబ్బతినడం తగ్గింది. ఏ మందూ చేయలేని పని ఒక పందిరి చేసింది. శుభ్రమైన మరుగుదొడ్డి, అడగకుండా లేచి వెళ్లే హక్కు, తల దాచుకునే నీడ. నివారణ వైద్యం గురించి మాట్లాడేవారు వీటినుంచి మొదలుపెట్టాలని మా నిశ్చితాభిప్రాయం.

పనిచోటు గోడలతో ఆరోగ్యం ఆగదు. ఇంటి దగ్గర కాలిబాట లేకపోతే నడక ఎక్కడ? ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియా ప్రాంతంలో పురుషుల గుండెజబ్బు మరణాలు ఒకప్పుడు ప్రపంచంలోనే అత్యధిక స్థాయిలో ఉండేవి. ఏదైనా చేయండని అక్కడి ప్రజలే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 1972లో పెక్కా పుస్కా అనే యువ వైద్యుడి నాయకత్వంలో పని మొదలైంది. ఆయన ఆసుపత్రిలో కూర్చోలేదు. గృహిణుల సంఘాలతో మాట్లాడాడు, పాడి రైతులతో మాట్లాడాడు, ఆహారం తయారుచేసేవారిని ఉప్పూ కొవ్వూ తగ్గించమని ఒప్పించాడు. నాలుగు దశాబ్దాల్లో పనిచేసే వయసు పురుషుల్లో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. బజారులో దొరికే తిండి మారింది, ఇరుగుపొరుగు అలవాటు మారింది, దానితోపాటు మనిషీ మారాడు.

యాజమాన్యాలు ఇంకో సంగతి గుర్తించాలి. పరీక్షలంటే ఉద్యోగులు వెనకాడేది సూదికి భయపడి కాదు. చక్కెర ఎక్కువుందని తేలితే పదోన్నతి ఆగుతుందేమో, మనసు బాగోలేదని చెబితే చేతకానివాడి ముద్ర పడుతుందేమో, ఒప్పందం పొడిగించరేమో. ఈ భయం నిరాధారం కాదు. ఫలితాలు వైద్యుడికీ ఉద్యోగికీ మధ్యనే ఉండాలి. ఏ అధికారి బల్ల మీదికీ పేరుతో సహా చేరకూడదు. కుంగుబాటు, ఆందోళనల వల్ల ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నోరు విప్పినవారికి నష్టం జరిగే చోట ఎన్ని సహాయ కేంద్రాలు తెరిచినా ఫోను మోగదు.

సురక్షితమైన, ఆరోగ్యకరమైన పని వాతావరణాన్ని పనిచోట ప్రాథమిక హక్కుల జాబితాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 2022 జూన్‌లో చేర్చింది. కనుక ఇది యాజమాన్యం దయతలచి ఇచ్చే కానుక కాదు. హక్కు అన్నాక అది కార్యాలయ ఉద్యోగికి ఎంతో, ఊడ్చే మనిషికీ, కాపలా మనిషికీ, రోజుకూలికీ, ఇంటింటికీ సరుకు చేరవేసే యువకుడికీ అంతే. నేడు శిబిరం వరుసలో ఈ నలుగురూ కనిపించరు. వారి పేర్లు వేరే కాంట్రాక్టరు పుస్తకంలో ఉంటాయి. యాజమాన్యమే అలా రాయించింది కాబట్టి, వారి పేర్లను వరుసలోకి తేవలసిందీ యాజమాన్యమే. యజమాని అంటూ ఎవరూ లేకుండా ఇంట్లోనే పనిచేసుకునేవారి కోసం స్థానిక ఆరోగ్య కేంద్రాలు పనివేళలు దాటాక కూడా, వారానికి కనీసం రెండు సాయంత్రాలు తెరిచి ఉండాలి. పగలంతా పనిలో ఉన్నవారికి పగలు మాత్రమే తెరిచే వైద్యం ఎందుకు?

కార్మిక సంఘాలు జీతాల చర్చలో విరామాన్నీ, నీడనూ, మరుగుదొడ్డినీ కూడా జీతమంత గట్టిగా అడగాలి. ప్రభుత్వ తనిఖీ అధికారులు రిజిస్టర్లతోపాటు మరుగుదొడ్డి తలుపు తెరిచి చూడాలి. యాజమాన్యాలను ప్రస్తుతానికి మేము కోరేది చిన్నది. వచ్చే శిబిరంలో ఆ బల్ల పక్కన ఇంకో నాలుగు కుర్చీలు వేయించండి. వచ్చినవారిని ఐదు నిమిషాలు కూర్చోనిచ్చాకే చేతికి పట్టీ కట్టించండి. ఆ ఐదు నిమిషాలకు జీతం కోయకండి.