ప్రధానోపాధ్యాయులు తరగతి గదిలోకి వెళ్లాలి

బడి నాణ్యత పెరగాలంటే ప్రధానోపాధ్యాయులకు పరిపాలనలో శిక్షణ ఇవ్వాలని ఒక వ్యాసంలో చేసిన సూచనతో సగమే ఏకీభవిస్తున్నాను. నివేదికలతో, హాజరు పట్టికలతో పొద్దు గడిపే (అవీ తప్పవు లెండి) ప్రధానోపాధ్యాయుడు వెనక బెంచీలో కూర్చుని పాఠం విని, పిల్లలు లవాలను, హారాలను విడివిడిగా కూడి 1/2 + 1/3 = 2/5 అని ఎందుకు రాస్తున్నారో టీచరుతో కలిసి ఆలోచించినప్పుడే ఆ నాయకత్వం బోధనకు పనికొస్తుంది. పాఠం నడుస్తుండగానే పిల్లల అవగాహనను గమనించి, దాన్నిబట్టి బోధనను మార్చుకుంటే చదువు మెరుగుపడుతుందని విద్యా పరిశోధకులు పాల్ బ్లాక్, డిలన్ విలియమ్ అనేక పరిశోధనలను సమీక్షించి 1998లోనే చెప్పారు. అయితే ప్రధానోపాధ్యాయుడు తరగతిలో చేసే ఈ పరిశీలన టీచరుకు మార్కులు వేసే తనిఖీగా మారితే, ముందే చెప్పేసిన పాఠాన్నే ఆ రోజు మళ్లీ ఒప్పజెప్పించి చూపిస్తారు. ఉపాధ్యాయులు కలిసి చర్చించుకోవడానికి టైంటేబుల్‌లోనే ఒక పీరియడ్ కేటాయించడం శిక్షణ కన్నా ముందు జరగాల్సిన పని.